పంపులో బియ్యపు గింజలు

టెక్కలి,
12 జూన్ 2025.

రత్నాలమ్మ వదిన గారికి,

ఝాన్సీలక్ష్మి నమస్కారాలు. కంటిలో చుక్కలు వేసుకోవడం నిన్నటితో అయిపోయింది. ఇక చదవవచ్చు, రాయవచ్చు అని డాక్టరు చెప్పాడు గనుక మొదటి ఉత్తరం మీకే రాస్తున్నాను. ఫోనులో మీకు వినపడటం లేదు. మీరు "ఆఁ? ఆఁ?" అంటుంటే నేను వీధి చివరికి వినపడేలా అరవాల్సి వస్తోంది. మా ఇంటి సంగతులు వీధికి అక్కరలేదు.

నా కన్ను ఆపరేషన్‌కి తోడుగా మీరు వచ్చి ఉన్న రోజుల్లోనే, మే 17న, గిన్నెలు కడిగే మిషన్ ఆగిపోయింది. మురికినీళ్ళు అడుగునే నిలిచిపోయి, మిషన్ మూలిగి మూలిగి ఊరుకుంది. మీ మేనల్లుడు దిలీప్ కాశీబుగ్గ సర్వీసు సెంటరులో కొత్తగా చేరాడనీ, అతన్నే పిలిపించమనీ మీరు ఒకటికి మూడుసార్లు చెప్పి వెళ్ళారు. మొన్న పదో తేదీన వచ్చాడు. మిషన్‌ను పక్కకి ఒరిగించి, కింద పళ్ళెం పెట్టి, నీళ్ళు బయటికి తోసే పంపు ఊడదీశాడు. లోపలి చక్రం రెక్క విరిగిందన్నాడు. కొత్త పంపు బిగించాడు. మిషన్ బాగానే నడుస్తోంది. ఇంతవరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కాని పళ్ళెంలో నీళ్ళతోపాటు బియ్యపు గింజలు పడ్డాయి. అన్నం మెతుకులు కావు వదినా, బియ్యం. సగమే ఉడికినవి. లెక్కపెట్టాను, ఏడు. ప్రతి పళ్ళెం తుడిచి, గిన్నెల పుస్తకంలో లెక్క రాసిగాని మిషన్ తిప్పని మనిషిని నేను. "ఇవెక్కడివి బాబూ?" అని అడిగాను.

"ఎలకలేవో తెచ్చుంతాయి టీచరమ్మా" అన్నాడు.

"మా ఇంటి ఎలుకలు బియ్యం కడుక్కుని తింటాయా?" అన్నాను. నవ్వలేదు. పంపు మూతిలోకి తొంగి చూశాడు. ముఖం మారింది. వెంటనే పంపును తన తువ్వాలులో చుట్టేశాడు.

ఈ ఇంట్లో ముప్పై తొమ్మిదేళ్ళుగా మార్చిన ప్రతి సామానూ నా రేకుపెట్టెలో ఉంటుంది. మిక్సీ బుష్, కుళాయి వాషర్, ఫ్యాను కెపాసిటర్. ఒక్కోదానికి ఒక అట్టముక్క కట్టి ఉంటుంది. సామాను పేరు, మార్చిన తేదీ, చెడిన కారణం. అందుకని పాత పంపు ఇవ్వమన్నాను. "పడీసేదే కదా టీచరమ్మా, నాను పట్టికెల్లిపోతాను" అన్నాడు. నేను కళ్ళజోడు తెచ్చుకునేలోగా బండి వీధి మలుపు తిరిగిపోయింది.

నా అనుమానం దాచను. ఆ పంపు చెడలేదు. ఆ గింజలు అతను చల్లినవే. మంచి పంపు ఈపాటికి ఇంకెవరి ఇంట్లోనో తిరుగుతోంది. అతను మీ తమ్ముడి కొడుకు గనుక ముందుగా మీకు చెబుతున్నాను. పంపు తిరిగి ఇప్పించండి.

ఇట్లు,
ఝాన్సీలక్ష్మి

---

వజ్రపుకొత్తూరు,
20 జూన్ 2025.

ఝాన్సీ వదిన గారికి,

రత్నాలమ్మ దణ్ణాలు. ఉత్తరం అందింది. మీ అక్షరాలు మునుపటిలాగే గీత గీసినట్టు నిలబడ్డాయి. కన్ను బాగుపడిందని ఆ అక్షరాలు చూసే తెలుసుకున్నాను.

ఇక్కడ వేట నిషేధం తీరింది. బోట్లు మళ్ళీ దిగాయి. రెండు నెలలు ఒడ్డున కూర్చుని ఒకరి తప్పులొకరు ఎంచుకున్న మగవాళ్ళంతా ఇప్పుడు చేపల మీద పడ్డారు. ఇళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి. మా అమ్మాయి కుమారి ఇటు వస్తే ఎండు నెత్తళ్ళ చేపలు పంపుతాను. మీరు తినరనుకోండి, మన మనవరాలు గౌతమి తింటుంది. పెరట్లో జీడిచెట్టు ఈ ఏడు కాపు తప్పింది.

దిలీపు మంచివాడు వదినా. చిన్నప్పటి నుంచి నా చేతిలో పెరిగాడు. పాత పంపు సంగతి నేను కనుక్కున్నాను. కంపెనీవాళ్ళు పాత సామాను తిరిగి ఇమ్మంటారంట. అందుకని పట్టుకెళ్ళాడు. వాడికి ఆరు నెలలు పరీక్ష పెట్టారు. ఇంకా మూడు నెలలుంది. ఈలోగా మాట పడకుండా ఉండాలని భయం భయంగా పని చేస్తున్నాడు. ఆ భయంలో మీకు సరిగా చెప్పలేకపోయి ఉంటాడు.

నా చెవి మిషన్ ఉప్పుగాలికి పాడైపోయింది. అందుకే ఫోనులో వినపడటం లేదు. నాకేం ఇబ్బంది లేదు. వినేవి తక్కువైతే తలనొప్పి కూడా తక్కువే.

మీ వదిన,
రత్నాలమ్మ

---

టెక్కలి,
2 జులై 2025.

రత్నాలమ్మ వదిన గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముప్పై ఆరేళ్ళు పిల్లల జవాబు పత్రాలు దిద్దినదాన్ని. అడిగిన ప్రశ్న వదిలేసి అడగని ప్రశ్నకు పేజీ నింపే పిల్లలను చూస్తే, ఎక్కడ దాక్కున్నారో నాకు తెలుస్తుంది. నిషేధం, నెత్తళ్ళు, జీడిచెట్టు అన్నీ రాశారు. బియ్యం గురించి ఒక్క ముక్క లేదు.

పోయిన వారం సర్వీసు సెంటరుకు ఫోను చేశాను. పాత సామాను కంపెనీకి తిరిగి ఇవ్వాలా అని అడిగాను. "లేదు మేడమ్, అది కస్టమర్‌దే" అని అక్కడి అమ్మాయి చెప్పింది. పేరు అడిగి రాసుకున్నాను, గౌరి. కంపెనీకి ఇచ్చానన్న మాట అతను మీకు చెప్పాడా, మీరు నాకు చెప్పారా?

తరువాత, మిషన్ తలుపు బిగుతుగా ఉందని సాకు చెప్పి అతన్ని రప్పించాను. టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని అడిగాను.

"పంపు ఎక్కడుంది?"

"పారీసినాను టీచరమ్మా."

"ఎక్కడ పారేశావు?"

"సెత్తలో."

"ఏ చెత్తలో?"

"ఓలమ్మో, సెత్తకి కూడా అడ్రసుంతాదేటి టీచరమ్మా?" అన్నాడు. టీ సగంలో వదిలి లేచిపోయాడు. తలుపు మాత్రం సరిచేసే వెళ్ళాడు. తలుపుకు రోగం లేదు గనుక ఏం సరిచేశాడో తెలియదు.

మీరు కంపెనీకి పోయిందన్నారు. అతను చెత్తలోకి పోయిందన్నాడు. ఒకే పంపు రెండు చోట్లకు పోదు. ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు మెకానిక్కులుండగా దిలీప్‌నే పిలిపించమని మీరెందుకంత పట్టుబట్టారు?

కుమారితో ఈ మాటే అన్నాను. "మా అమ్మ అబద్ధం ఆడదత్తా" అంది. అప్పటినుంచి నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. పలాస ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, గదిలోకి వెళ్ళిపోతోంది. పన్నెండేళ్ళ కాపురంలో నా కోడలు నా ముందు కంచం పెట్టి పక్కన నిలబడకుండా వెళ్ళడం ఇప్పుడే చూస్తున్నాను. ఇదంతా ఒక పంపు వల్ల.

జులై 31 వరకు చూస్తాను. ఆ లోగా పంపు నా చేతికి రాకపోతే కంపెనీ పెద్దాఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు వెళుతుంది.

ఇట్లు,
ఝాన్సీలక్ష్మి

---

వజ్రపుకొత్తూరు,
9 జులై 2025.

వదిన గారికి,

ఫిర్యాదు పంపకండి. ఇంకో రెండు నెలలు దాటితే వాడి ఉద్యోగం ఖాయమవుతుంది. మా ఇంట్లో సముద్రం మీదికి వెళ్ళకుండా నెలజీతం తెచ్చుకుంటున్న మొదటివాడు దిలీపు. మా తమ్ముడు వల అమ్మి వాడికి కోర్సు చెప్పించాడు. మీరు రాసిన కాగితానికి విలువ ఎక్కువ. హెడ్మాస్టరమ్మ రాసిందంటే ఎవరూ రెండో మాట అడగరు. వాడిని తీసేస్తారు.

కంపెనీకి ఇచ్చాడన్నది నేను అన్న మాటే. వాడు అనలేదు. తప్పు నాది. కావాలంటే నా మీద ఫిర్యాదు రాయండి. వాడు మీ ఇంట్లోంచి ఏమీ దొంగిలించలేదు. గంగమ్మ తల్లి మీద ఒట్టు. మా ఒడ్డున ఆ ఒట్టు అబద్ధానికి వేయరు. వేసినవాళ్ళ పడవ తిరిగి రాదు.

కుమారితో మాట్లాడండి. దానికేమీ తెలియదు.

మీ ఇంటి నుంచి తెచ్చుకున్న మందుల సంచిలో మీ చిన్న దువ్వెన వచ్చేసింది. కుమారితో పంపుతాను. నా ఇత్తడి గ్లాసు నల్లబడిపోయింది. చింతపండు పెట్టి రోజూ తోముతున్నాను, మెరుపు రావడం లేదు.

రత్నాలమ్మ

---

టెక్కలి,
18 జులై 2025.

రత్నాలమ్మ వదిన గారికి,

ఒట్టు రసీదు కాదు. మీరు గంగమ్మ తల్లి మీద వేసినా, నేను సరస్వతి మీద వేసినా, పంపు లేని చోటికి పంపు రాదు.

కంపెనీ మాట మీరే కల్పించారని ఒప్పుకున్నారు. సంతోషం. మరి ఎందుకు కల్పించారో రాయలేదు. దొంగిలించలేదంటున్నారు. అయితే దాచాడు. దొంగిలించని వస్తువును ఎవరైనా ఎందుకు దాస్తారు? ఈ ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉందని నాకు ఖాయంగా తెలిసిపోయింది.

మీ చెవి మిషన్ సంగతి కూడా నాకు నచ్చడం లేదు. అది మా వాసు శ్రీకాకుళం తీసుకెళ్ళి మీకు పెట్టించినది. పాడైతే బాగుచేయిస్తానని మొన్న వాడు మీ ఊరు వచ్చి అడిగాడు. మీరు ఇవ్వలేదట. "ఎక్కడో పెట్టీసినాను బాబూ, కనిపిత్తే ఇత్తాను" అన్నారట. ఉప్పుగాలికి పాడైన వస్తువు పాడై ఇంట్లో ఉండాలి. అది కనపడకుండా ఎలా పోయింది? నాకు ఒక మాట, నా కొడుక్కి ఇంకో మాట. పంపుకు రెండు కథలు, చెవి మిషన్‌కు రెండు కథలు. మీ వైపు వస్తువులన్నీ ఇలాగే మాయమవుతాయా అని అడగాలని ఉంది. అడిగేశాను కూడా.

ఫిర్యాదు కాగితం సిద్ధంగా ఉంది. నకలు దీనితో పంపుతున్నాను. బియ్యపు గింజలు ఏడూ చిన్న పొట్లంలో కట్టి అసలు కాగితానికి జతపరిచాను. 31 గురువారం ఉదయం పోస్టాఫీసు తెరవగానే రిజిస్టరు చేయిస్తాను.

ఇట్లు,
ఝాన్సీలక్ష్మి

---

వజ్రపుకొత్తూరు,
27 జులై 2025, ఆదివారం.

వదిన గారికి,

ఈ ఉత్తరం కుమారి చేతికిస్తున్నాను. దీనితో ఒక గుడ్డమూట ఉంది. మూతి కుట్టేశాను. లోపల ఏముందో దానికి చెప్పలేదు. మీరొక్కరే ఉన్నప్పుడు విప్పండి.

విప్పే ముందు ఒక సంగతి చెప్పాలి. మా ఒడ్డున అన్నీ ఉప్పుగాలికి చెమ్మెక్కుతాయి. టార్చిలైటు గాని, ఫోను గాని, రాత్రి పడుకునే ముందు బియ్యంలో పెట్టుకుంటాం. బియ్యం తడి లాగేస్తుంది. చెవి మిషన్ పెట్టించిన నాటి నుంచి నేను రోజూ నా ఇత్తడి గ్లాసులో రెండు గుప్పెళ్ళ బియ్యం పోసి, అందులో దాన్ని దాచి పడుకునేదాన్ని. టెక్కలిలో అంత ఉప్పుగాలి లేదని నాకు తెలుసు. అలవాటు మానలేకపోయాను. మీ వంటింటి గట్టు మీద పెట్టాను.

ఇప్పుడు మీ గిన్నెల పుస్తకం తీయండి. మే 14, బుధవారం. ఆ రోజు రాత నాది. కంటికి కట్టుందని మీరు చెబుతుంటే నేను రాశాను. చెవి మిషన్ లేకపోయినా మీ క్లాసు గొంతు వినపడుతుంది కదా. మూడో వరస చూడండి. అక్కడ సిరా ముద్ద పడింది. అది రాస్తూ ఉండగా నా చెయ్యి ఆగిపోయింది. అప్పటికే మిషన్ తిరుగుతోంది.

ఆపమని అరవబోయాను. అంతలో మీరు నా వైపు తిరిగి నవ్వారు. "ఒంటి కన్నుతో కూడా ఒక్క చెంచా లెక్క తప్పలేదు, చూశారా వదినా" అన్నారు. ఆ మాట మీ పెదాలు చూసి తెలుసుకున్నాను. పని ముట్టుకోవద్దని మీ అబ్బాయి ముందురోజే మీ మీద కేకలేశాడు. నేను నోరు విప్పితే మళ్ళీ కేకలు. అందులో నా కూతురు ఇరుక్కుంటుంది. చెవి ఒక్కటే కదా పోయింది, పోనీ అనుకున్నాను.

మిషన్ ఆగిపోయినప్పుడే ఎందుకు ఆగిందో నాకు అర్థమైంది. అందుకే దిలీపును పిలిపించమన్నాను. దొరికితే మనవాడికి దొరుకుతుందని. వాడు దాన్ని చూడగానే పోల్చుకున్నాడు. పంపు మార్చిన వారం ఆదివారం నాడు పట్టుకొచ్చి, "అత్తా, ఇది నీదేటి?" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని నేనే వాడి చేత ఒట్టు వేయించాను. మీరు ఫిర్యాదు చేస్తారన్నా వాడు నోరు విప్పలేదు. వాడి అన్నం పోయే వరకూ నేను మాట దాచుకోలేను.

ఆ పేజీ చూసి మీకేం తోస్తే అది చేయండి. నేను ఇంక అడగను.

రత్నాలమ్మ

---

టెక్కలి,
30 జులై 2025.

వదినా,

మూట విప్పక ముందే పుస్తకం తీశాను. మే 14. పళ్ళేలు నాలుగు. గ్లాసులు ఐదు. మూడో వరసలో "ఇత్తడి గ్లాసు ఒకటి, వదినది" అని ఉంది. దాని పక్కన సిరా ముద్ద. కట్టు విప్పాక ఆ పేజీ చూసి, మీకు కలం పట్టడం రాదనుకుని విసుక్కున్నాను కూడా. ఇప్పుడు అన్నీ గుర్తుకొస్తున్నాయి. ఆ గ్లాసు చేతికి బరువుగా తగిలింది. ఇత్తడి కదా, బరువుండదా అనుకుని బోర్లించాను. గింజలు రాలిన చప్పుడు వినపడే ఉంటుంది. లెక్క మీద ఉన్న ధ్యాస చెవి మీద లేదు.

మిషన్ అడుగున జల్లెడ ఉంటుంది. చింతగింజంత వస్తువును అది పంపు దాకా పోనివ్వకూడదు. ఆ జల్లెడ తీసి కడిగి మళ్ళీ పెట్టింది మే 9 శుక్రవారం, పొర కమ్మిన కంటితో, నేనే. కుమారి "నాను పెడతానత్తా" అంటే "నీకు సరిగా కుదరదు" అన్నాను. ఆ మాట పుస్తకంలో లేదు గాని నాకు గుర్తుంది.

తరువాత మూట విప్పాను. పంపు మూతిలో మీ చెవి మిషన్ ఎలా ఇరుక్కుందో అలాగే ఉంది. దిలీప్ దాన్ని కదిలించనైనా లేదు.

సోమవారం రాత్రి భోజనాల దగ్గర పుస్తకం తెచ్చి, ఆ పేజీ వాసుకూ కుమారికీ పైకి చదివి వినిపించాను. వాసు కేకలేస్తాడనుకున్నాను. తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది. కుమారి మొదట ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఎలకలేవో తెచ్చుంతాయేమో సూడండత్తా" అంది. పన్నెండేళ్ళలో నా కోడలు నన్ను ఎగతాళి చేయడం ఇదే మొదటిసారి. ఈ రోజు కంచం పెట్టి పక్కనే నిలబడింది.

నిన్న బస్సులో కాశీబుగ్గ వెళ్ళాను. నన్ను చూడగానే దిలీప్ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పడేశాడు.

"నిలబడిపోనారేటి టీచరమ్మా, కూకోండి."

"కూర్చోవడానికి రాలేదు. నీ మీద తప్పుడు మాట అన్నాను. క్షమించు అని చెప్పడానికి వచ్చాను."

"ఓలమ్మో, అంత పెద్ద మాటెందుకు. మా అత్త సెప్పొద్దన్నాది. మా అత్త మాట కాదంటే మా ఊర్లో నాకు నీల్లు కూడా పుట్టవు."

"నీ ఉద్యోగం పోయేదిరా."

"పోతే మల్లీ ఎతుక్కుందును. అత్త మల్లీ దొరుకుతాదేటి?" అన్నాడు. గౌరి అనే ఆ అమ్మాయి ముందే అన్నాడు. అతని అధికారికి ఒక కాగితం ఇచ్చి వచ్చాను. పని శుభ్రంగా చేశాడనీ, ఇంటివారి మాట బయటపెట్టలేదనీ, ఇలాంటి మనిషి మీకు దొరకడం మీ అదృష్టమనీ రాశాను. ఫిర్యాదు కాగితం పొయ్యిలో వేశాను. ఏడు గింజలు మాత్రం ఉంచుకున్నాను.

శనివారం ఉదయం ఎనిమిదికి వాసు, నేను మీ ఇంటికి వస్తాం. శ్రీకాకుళం వెళ్ళి మీకు కొత్త చెవి మిషన్ పెట్టిస్తాం. వద్దనకండి, అన్నా నాకు వినపడదు. ఇత్తడి గ్లాసు సిద్ధంగా ఉంచండి. అది నేనే తోముతాను, మిషన్‌లో కాదు, చింతపండుతో, చేత్తో.

ఒక్క అనుమానం మాత్రం నన్ను వదలడం లేదు. ఇంత పెద్ద సంగతి రెండున్నర నెలలు కడుపులో దాచుకున్నారంటే, ఆ పది రోజుల్లో నేను చేసిన తప్పులు ఇంకెన్ని దాచారు? జాబితా రాసి ఉంచండి. తేదీలతో.

పంపును రేకుపెట్టెలో దాని చోట పెట్టాను. అట్టముక్క మీద ఇలా రాసి కట్టాను:

సామాను: గిన్నెల మిషన్ పంపు.
మార్చిన తేదీ: 10-6-2025.
చెడిన కారణం: ఝాన్సీలక్ష్మి.